మెసేజ్ రాకపోతే మనిషి వచ్చినట్టే

స్కేల్ అనే మాటను నేను మొదటిసారి విన్నది గోదావరిఖని చౌరస్తా దగ్గర, ఒక బట్టల షాపు మీది అంతస్తులో. అన్నవాడి చేతిలో మిర్చి బజ్జీ ఉంది. "స్కేల్ చెయ్యాలమ్మా, అంటే పెద్దది చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది," అన్నాడు. అని, నూనె చేతిని నా టేబుల్ మీదున్న ఒక విద్యార్థి పరీక్ష కాగితానికి తుడుచుకున్నాడు. ఆ కాగితానికి నేనింకా మార్కులు వెయ్యలేదు. అతనంటే నాకు చులకన అక్కడే మొదలైంది. తర్వాత దానికి ఇంకా మంచి కారణాలు చాలా దొరికాయి.

అప్పటికి తెలంగాణ రాష్ట్రం రాలేదు. ఫోన్లంటే బటన్ల ఫోన్లే, మెసేజ్ అంటే ఎస్సెమ్మెస్సే. నేను ఎం.సి.ఏ. చదివి, హైదరాబాదులో ఆరు నెలలు ఉద్యోగం వెతికి, అక్కడ నన్నెవరూ పట్టించుకోకపోయేసరికి తిరిగొచ్చాను. ఆ మీది అంతస్తులోని కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. మేము ఇంకా కంపెనీ కాలనీలోనే, ఒక బంధువు పేరు మీదున్న క్వార్టర్‌లో ఉండేవాళ్లం.

అతను స్కేల్ చేస్తానన్న వస్తువేమిటో ముందు చెప్పాలి. షిఫ్టు అయిపోయే వేళకు మా కాలనీ ఆడవాళ్లంతా వాకిట్లోకి వస్తారు. ఎదురుచూస్తున్నామని ఒక్కరు కూడా ఒప్పుకోరు. పొద్దున ఊడ్చిన వాకిలినే ఒకావిడ మళ్లీ ఊడుస్తుంది. ఇంకొకావిడ ఎండిన బట్టల మీది బొగ్గుపొడి దులుపుతుంది, దులిపిందే దులుపుతుంది. మనిషి ఓవర్‌టైమ్‌కు ఆగినా, యూనియన్ మీటింగుకు పోయినా, కల్లు దుకాణం దగ్గర కూలబడినా ఇంట్లో మనిషికి తెలియదు. కనపడేదాకా చీపురు కింద పెట్టదు. చిన్నప్పటి నుంచీ మా అమ్మను అట్లాగే చూశాను, చూసి చూసి విసుగొచ్చింది.

బాయి దిగే ప్రతి మనిషీ లాంపు రూంలో తన నంబరున్న లాంపు తీసుకొని తలకు పెట్టుకుంటాడు. పైకొచ్చాక దాన్ని అక్కడే తిరిగిస్తాడు. లాంపు తిరిగొచ్చిందంటే మనిషి పైకొచ్చినట్టే. మా బాయి లాంపు రూంలో పనిచేసే పెద్దాయన మా నాన్నకు దోస్తు, నేను కాకా అని పిలిచేదాన్ని. తిరిగొచ్చిన లాంపుల నంబర్లను ఆయన తన ఫోన్‌లో కొట్టి, కోచింగ్ సెంటర్‌లో నా కంప్యూటర్‌కు వైరుతో కట్టి ఉన్న ఫోన్‌కు పంపేవాడు. నేను రాసిన ప్రోగ్రాం ఏ నంబరు ఏ ఇంటిదో చూసి, ఆ ఇంటి ఫోన్‌కు "పైకొచ్చిండు" అని పంపేది. అంతే. ఇందులో నా తెలివి చాలా తక్కువ. కాక ఓపికే ఎక్కువ.

ఏ నంబరు ఏ ఇంటిదో నేను ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అందులో పేర్లు లేవు. లాంపు నంబరు, పక్కన "వేపచెట్టు ఎదురిల్లు" అనో "కుట్టుమిషన్ అక్క" అనో, దాని పక్కన ఫోన్ నంబరు. పేర్లు రాయకపోవడానికి కారణం ఉంది. మా నాన్న ముప్పై ఏళ్లు బాయిలో తన పేరుతో పనిచెయ్యలేదు. కంపెనీ నుంచి పిలుపు కాగితం వచ్చింది ఆయన పెద్దమ్మ కొడుక్కు. భూమి లోపలికి దిగాలంటే ఆ పెద్దమ్మ కొడుక్కు భయం. ఆ కాగితం పట్టుకొని మా నాన్న వచ్చి చేరాడు. అప్పటి నుంచి ఇంట్లో ఒక పేరు, బాయిలో ఒక పేరు. జీతం చీటీ మీదున్న మనిషి ఊళ్లో పత్తి చేనులో ఉంటాడు. ఇట్లాంటి వాళ్లు మా కాలనీలో వీధికి నలుగురైదుగురు. అందరికీ తెలుసు, ఎవరూ గట్టిగా అనరు. బయటపడితే ఉద్యోగం పోతుంది.

నా నోట్‌బుక్‌లో మొదటి వరుస మా పక్క క్వార్టర్ అక్కది. ఆమె నాకు చుట్టమేమీ కాదు. అయినా ఆమె అక్క, ఆమె భర్త బావ. అక్కకు ఒక నియమం ఉండేది. బావ బాయిలో ఉన్నంతసేపు కాలనీ దాటేది కాదు. "ఆయన కింద ఉంటే నేను బస్సెక్క చెల్లె. ఏమన్న అయితే నేను దగ్గర ఉండాలె," అనేది. ఆమెకు కావలసింది అంతకంటే ఏమీ లేదు. పెళ్లికి పిలిచినా, పురుడుకు పిలిచినా ముందు బావ ఏ షిఫ్టో చూసుకొనేది. నా మెసేజ్ వచ్చాకే పొయ్యి మీద బియ్యం పెట్టేది. మూడున్నర దాటినా మెసేజ్ రాకపోతే చెప్పులేసుకొని బాయి గేటుకు నడిచేది. అట్లా రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ బావ యూనియన్ మీటింగులో దొరికాడు, రెండుసార్లూ ఇల్లు చేరేదాకా తిట్లు తిన్నాడు.

ఒక ఏడాదిలో నూటాయాభై ఇళ్లయ్యాయి. మూడు గంటలకు కాక నంబర్లు పంపితే, ఒక్కో మెసేజ్ నాలుగైదు సెకన్లకు ఒకటిగా పోయి, పావుగంటలో అందరికీ అందేవి. అక్కడితో ఊరుకుంటే నేను మంచిదాన్నే అయ్యుండేదాన్ని.

బజ్జీ మనిషి అప్పుడొచ్చాడు. వాళ్ల నాన్న కోస్తా నుంచి వచ్చి బొగ్గు లారీల కాంట్రాక్టుతో ఇక్కడ స్థిరపడ్డాడు. ఇతను హైదరాబాదులో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లు చేసి, అక్కడి మాటలు నాలుగు నేర్చుకొని వచ్చాడు. పుట్టి పెరిగింది గోదావరిఖనిలోనే అయినా ఒక్కసారి కూడా బాయి దిగలేదు, దిగాలని అనుకోలేదు. అతని వెంట ఒక యూనియన్ లీడరున్నాడు. ఆయన మాత్రం ఒకప్పుడు నిజంగా బొగ్గు నింపినవాడే. కానీ ఆయన తెల్లచొక్కాకు మరక అంటి పదిహేనేళ్లయింది. మస్టర్‌లో హాజరు మాత్రం రోజూ పడేది. ఏ దేవుడు వేసేవాడో తెలియదు.

యూనియన్ ఎన్నికలు ఎనిమిది నెలల్లో ఉన్నాయి. లీడరుకు కావలసింది బొగ్గు బెల్టు మొత్తంలో ప్రతి కార్మికుడి ఇంటికీ రోజూ ఒక మెసేజ్, దాని చివర ఆయన పేరు. "గిట్ల నూరిండ్లకు పంపితే ఏమొస్తది బిడ్డా? ఇటు ఖని, అటు రామకృష్ణాపూర్, బెల్లంపల్లి, కాసిపేట... అన్ని బాయిలకు పోవాలె. జల్ది కావాలె," అన్నాడు. మనిషి ప్రాణాలతో పైకొచ్చిన ఘనత కూడా తన ఖాతాలోనే పడాలి ఆయనకు. ఊపిరి పీల్చినందుకు కూడా జనం తనకు దండం పెట్టాలని ఉంటుంది ఇట్లాంటి వాళ్లకు.

వీళ్లిద్దరినీ ఇంత తెలిసీ నేను ఎందుకు ఒప్పుకున్నానంటే, ఒక ఏసీ గది, తిరిగే కుర్చీ, చీఫ్ టెక్నికల్ ఆఫీసర్ అని అచ్చేసిన కార్డు. నా కింద ఇద్దరు ప్రోగ్రామర్లు, ఇద్దరికీ నాకంటే ఎక్కువే వచ్చు. హైదరాబాదు నన్ను వద్దన్నదన్న కచ్చ నాలో చాలా ఉండేది. ఆ కార్డును అద్దం ముందు పట్టుకొని చూసుకున్న రోజు నాకు గుర్తుంది. సిగ్గుపడే విషయమే, కానీ ఆ రోజు సిగ్గుపడలేదు.

నెల తిరక్కుండానే పద్నాలుగు బాయిలు కలిపాం. వైరుకు కట్టిన ఒక్క ఫోన్ ఎక్కడ చాలుతుంది? ఒకేసారి వేల మెసేజ్‌లు పంపే కంపెనీ ఒకటి హైదరాబాదులో ఉంటే దానితో మాట్లాడుకున్నాం. అయినా బాయిలన్నిటికీ షిఫ్టు అయిపోయేది ఒకే సమయానికి. మూడు గంటలకు అందరి లాంపులూ ఒక్కసారి వచ్చి పడేవి. మెసేజ్‌లు రేషన్ షాపు ముందు జనంలా వరుస కట్టేవి. మూడు గంటలకు పోవలసింది ఆరు గంటలకు పోయేది. ఒక సాయంత్రం అక్క గోడ మీది నుంచి ఫోన్ చూపించింది.

"చెల్లె, మీ బావ వచ్చిండు, తానం చేసిండు, తిన్నడు, గురక పెడుతుండు. ఇప్పుడొచ్చింది నీ మెసేజ్, పైకొచ్చిండని. లేపి చెప్పాల్నా ఆయనకు, నువ్వు వచ్చినవని?"

వీధంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మరునాడు ఆఫీసులో అరిచాను. వరుసలు విడగొట్టాం, ఒక్కో బాయికి ఒక్కో వరుస పెట్టాం, ప్రోగ్రాం తిరగరాశాం. ఆరు గంటలది అయిదయింది. అంతకంటే కదలలేదు. లీడరు రోజూ ఫోన్ చేసి ఇంకా ఎన్ని రోజులని అడిగేవాడు. ఎన్ని సెకన్లని ఆయన ఎప్పుడూ అడగలేదు, ఆయనకు కావలసింది రోజులే.

అప్పుడు బజ్జీ మనిషికి జీవితంలో మొదటి ఆలోచన వచ్చింది.

"ఏమ్మా, పైకి వచ్చినవాళ్లందరికీ ఎందుకు చెప్పడం? రోజూ అందరూ వస్తూనే ఉంటారు కదా. వందకు తొంభైతొమ్మిది మెసేజ్‌లు దండగ. షిఫ్టు అయిపోయిన గంటకు ఎవరి లాంపు రాలేదో వాళ్లింటికి మాత్రమే పంపుదాం. పొద్దున్న లీడరుగారి శుభోదయం మెసేజ్ ఒకటి తీరిగ్గా పంపుకుందాం."

నిజం చెప్పాలి. వినగానే నాకది చాలా అందంగా కనిపించింది. మూడు నెలలుగా తల బద్దలు కొట్టుకుంటున్న లెక్క ఒక్క మాటతో విడిపోయింది. రోజుకు వేల మెసేజ్‌లు పంపాల్సిన చోట పదో ఇరవయ్యో సరిపోతాయి, అవీ సెకన్లలో పోతాయి. వాడికి తట్టింది నాకు తట్టలేదేమని కుళ్లుకున్నాను కూడా. వాకిలి ఊడ్చే ఆడవాళ్లకు కావలసింది ఆ దండగ తొంభైతొమ్మిదే అన్నది నాకా పూట గుర్తుకు రాలేదు.

ఇంకొక చిక్కు మిగిలింది. పద్నాలుగు బాయిల్లో ఒకే లాంపు నంబరు పద్నాలుగు మందికి ఉంటుంది. పైగా బాయి మారితే నంబరూ మారుతుంది. లీడరు దగ్గర యూనియన్ జాబితా ఉంది, అందులో పేరు, తండ్రి పేరు, ఊరు. మనిషిని దానితోనే గుర్తుపడదామన్నాడు బజ్జీ మనిషి. ఫోన్ నంబర్లు లేనివాళ్ల కోసం ఊళ్లకు మనుషులను పంపి, ఆ పేరున్న ఇంటిని అడిగి రాసుకొచ్చారు. నెల రోజుల్లో జాబితా నిండింది.

"ఇక్కడ పేర్లు నమ్మేటట్టు లేవు సార్. వేరేవాళ్ల పేరు మీద పనిచేసేవాళ్లు చాలామంది ఉంటారు," అన్నాను.

"ఇంకొకడి పేరు పెట్టుకుని బతుకుతారా! ఏం మనుషులమ్మా!" అని నవ్వాడు. లీడరు నవ్వలేదు. తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"గా ముచ్చట ఇక్కడ తియ్యకు బిడ్డా. ఫలానాయనకు మారుపేరున్నదని కంప్యూటర్ల రాసి పెడితే, రేపు ఆ కాగితం ఎవల చేతికి పోతదో, ఎవల నౌకరి పోతదో. పేరు ఎట్లున్నదో గట్లనే ఉండనియ్యి."

ఆయన మాటలో నిజం ఉంది. ఆయన నోటి నుంచి నేను విన్న ఒకే ఒక్క నిజం అది. దాని వెనక నేను హాయిగా దాక్కున్నాను. నా నోట్‌బుక్‌లోని నూటాయాభై ఇళ్లు వేరే పెట్టుకొని, వాళ్లకు పాత పద్ధతిలోనే పంపి ఉండొచ్చు. ఒక్క పూట పని. కానీ ఒకే సిస్టమ్‌లో రెండు పద్ధతులంటే చూడ్డానికి బాగుండదు. పాత ఫోన్ నంబరు, కొత్త ఫోన్ నంబరు వేర్వేరుగా ఉంటే కొత్తదాన్నే ఉంచమని ప్రోగ్రాంలో ఒక లైను రాసి, నా చేత్తోనే ఎంటర్ నొక్కాను. నా నోట్‌బుక్ మొత్తం ఆ జాబితా కింద చెరిగిపోయింది. చెరగడానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు.

ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. లీడరు బటన్ నొక్కాడు, ఆ బటన్‌కు వెనక ఏ వైరూ లేదు. చప్పట్లు కొట్టారు. నన్ను స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పారు, నేను వంగి కప్పించుకున్నాను.

మా వీధిలో మాత్రం చప్పట్లు లేవు. రోజూ వచ్చే "పైకొచ్చిండు" ఆగిపోయింది. దాని బదులు పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో లీడరు శుభోదయం వస్తోంది. అక్క మా ఇంటికొచ్చి గడపలో నిలబడింది.

"గిదేంది చెల్లె? మీ బావ మెసేజ్ వస్తలేదు?"

"ఇగ రాదు అక్కా. ఏమన్న అయితేనే వస్తది. రాలేదంటే బావ మంచిగ పైకొచ్చినట్టే."

"రాకపోతే వచ్చినట్టా?"

"అవునక్కా."

ఆమెకు నచ్చలేదు. పది పదిహేను రోజులు మూడు గంటలు కాగానే గేటుకు నడిచింది. "మెసేజ్ రాకపోతే నాకు బియ్యం కడగ బుద్ధి అయితలేదు," అనేది. నేను ఊరుకోలేదు. ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఇది ఇదివరకటిలాంటిది కాదు, పెద్ద సిస్టమ్, తప్పు పోదు, నిశ్చింతగా ఉండండి అని నమ్మించాను. నమ్మించడంలో నాకు మంచి నేర్పుంది. రెండు నెలలకు వాళ్లు వాకిట్లోకి రావడం తగ్గించారు. ఫోన్ మోగకపోతే చాలు, బియ్యం కడిగేవాళ్లు. ఇది నా విజయమని బజ్జీ మనిషికి చెప్పుకున్నాను.

బాయి దగ్గర కూడా ఒకటి మారింది. ఎవరికైనా దెబ్బ తగిలితే అతనితో కలిసి పనిచేసే గ్యాంగులో ఒక మనిషి వెంటనే బండేసుకొని ఇంటికి పోయేవాడు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, మా దగ్గర పద్ధతి. అసలు సంగతి చెప్పడు. "కొద్దిగ దెబ్బ తాకింది, దవాఖానకు పోదాం దా," అని ఆడమనిషిని వెనక ఎక్కించుకొని తీసుకెళ్తాడు. నేను చూస్తుండగానే మా చిన్నప్పుడు అట్లా రెండు మూడు బండ్లు మా వీధిలోకి వచ్చాయి. ఇప్పుడు ఎవరింటికైనా మెసేజ్ పోతుందని అందరికీ తెలుసు. బండి తియ్యడం మానేశారు.

ఆ రోజు పొద్దున అక్క నా దగ్గరికొచ్చింది, చేతిలో సంచి ఉంది. కాసిపేటలో ఉండే వాళ్ల అక్కకు కాలు విరిగింది.

"మీ బావ ఫస్ట్ షిఫ్టుకు పోయిండు. నేను పన్నెండింటి బస్సుకు పోదామనుకుంటున్న. ఎన్నడు పోలె, ఆయన కింద ఉండంగ. పోవాల్నా చెల్లె?"

"పో అక్కా. ఏమన్న అయితే ఫోన్ మోగుతది. నువ్వు కాసిపేటల ఉన్నా మోగుతది, ఢిల్లీల ఉన్నా మోగుతది."

"మెసేజ్ రాకపోతే ఫికర్ లేదు కదా?"

"లేదక్కా."

నాలుగు గంటలకు నా తెర మీద ఒక ఎర్ర వరుస వచ్చింది. మా బాయిలోనే ఒక లాంపు తిరిగి రాలేదు. పక్కన పేరు, తండ్రి పేరు, ఊరు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. నేను చూస్తుండగానే వరుస పచ్చగా మారింది. మెసేజ్ అందింది. వరుస కనపడ్డప్పటి నుంచి అందేదాకా పదకొండు సెకన్లు. బజ్జీ మనిషి నా కుర్చీ వెనక నిలబడి "పదకొండు! చూశావా!" అని కేకేసి, తన కెమెరాతో తెరను ఫొటో తీశాడు. ఆ ఫొటోలో నా తల వెనకభాగం కూడా పడింది. నేను నవ్వుతున్నాను, అది ఫొటోలో కనపడదు, అంతవరకు నయం.

అయిదు గంటలకు లాంపు రూం కాక ఫోన్ చేశాడు.

"బిడ్డా, నాలుగు గంటల మెసేజ్ పోయిందా?"

"పోయింది కాకా."

"ఇంటోళ్లకు అందిందా?"

"అందింది కాకా. కంప్యూటర్ల చూపిస్తుంది."

"సరే బిడ్డా. ఇగ వస్తుంటరు," అని పెట్టేశాడు.

ఎవరికి ఏమైందని నేను అడగలేదు. నూటాయాభై ఇళ్లప్పుడైతే ముందు అదే అడిగేదాన్ని. మెసేజ్ సంగతి తర్వాత. ఇప్పుడు బాయిలు పద్నాలుగు, మనుషులు వేలు, నేను చీఫ్ టెక్నికల్ ఆఫీసర్. అందిందా లేదా అన్నదే నా ఉద్యోగం.

ఎనిమిదింటికి ఇంటికొస్తే మా వీధి మొత్తం వాకిట్లో ఉంది. మా అమ్మ నన్ను చూసి, "పక్కింటి బావ పోయిండే," అంది. పైకప్పు కూలింది. రెండున్నరకు పైకి తెచ్చి ఏరియా దవాఖానకు తీసుకెళ్లారు. లాంపు ఆయనతోపాటే అంబులెన్సులో వెళ్లింది. ఏడింటికి ప్రాణం పోయింది. గ్యాంగు మనుషులు దవాఖానలో కూర్చొని, మెసేజ్ పోయింది, ఇప్పుడొస్తది, అప్పుడొస్తది అని అక్క కోసం చూస్తూనే ఉన్నారు. ఒకతను ఇంటిదాకా వచ్చాడట. తాళం చూసి, అక్క దవాఖానకే బయలుదేరిందనుకొని వెనక్కి పోయాడు. ఆమెకు ఫోన్ చేద్దామని ఎవరికీ తట్టలేదు. సిస్టమ్ చేసిందని అందరికీ నమ్మకం. ఆ నమ్మకం ఇంటింటికీ పంచింది నేనే.

తెర మీద నేను చూసిన పేరు బావదే. అంటే బాయిలో ఆయన పేరు. పన్నెండేళ్లు గోడకు గోడ ఆనుకొని ఉన్నాం, ఆ పేరు నాకు తెలియదు. నా నోట్‌బుక్‌లో మొదటి వరుసలో ఆయనకు పేరు లేదు, లాంపు నంబరు, అక్క ఫోన్ నంబరు ఉన్నాయి. వాటిని చెరిపేశాను కదా.

అక్కకు ఫోన్ చేసింది నేను. ఎత్తి, "ఏం చెల్లె, మీ బావ అన్నం తిన్నడా?" అంది. నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. కాసిపేటలో ఎవరిదో జీపులో వచ్చింది. అప్పటికి దవాఖాన వెనక శవాల గదికి తాళం వేశారు.

ఆ మెసేజ్ ఎక్కడికి పోయిందో మర్నాడు తెలిసింది. ఒక ఊళ్లో, పత్తి ఏరుతున్న ఒకావిడ ఫోన్‌కు పోయింది. మీ ఆయన ఇంకా పైకి రాలేదని ఉంది అందులో, కింద లీడరు పేరు. వాళ్లాయన పక్క సాలులోనే ఉన్నాడు. "నువ్వు బాయిల ఉన్నవంట, చూడు," అని ఆవిడ నవ్వి చూపించిందట. ఆయన నవ్వలేదు. తన పేరుతో బాయి దిగింది తన మేనత్త కొడుకని ఆయనకు తెలుసు. గట్టు మీద కూర్చుండిపోయాడు. మర్నాడు వచ్చి, దవాఖాన గేటు బయట చెట్టుకింద ఒంటరిగా నిలబడ్డాడు. ఎందుకు చెప్పలేదని నేను మీదికి పోయాను, పోవడానికి నాకేం అర్హత ఉన్నట్టు.

"ఎవలకు చెప్పాలె బిడ్డా? చెప్తే వాని నౌకరి పోతదనుకున్న. మనిషే పోతడనుకోలె," అన్నాడు. ఆ మొత్తం వ్యవహారంలో నేను చులకన చెయ్యలేకపోయింది ఆయన ఒక్కడినే.

ఆఫీసులో మీటింగు పెట్టారు. సిస్టమ్ తప్పేమీ లేదని బజ్జీ మనిషి బోర్డు మీద బొమ్మ గీసి చూపించాడు. ఇచ్చిన పేరుకు ఇచ్చిన నంబరుకు పదకొండు సెకన్లలో పంపిందట. తప్పు డేటాదట. వేలల్లో ఒకటి ఇట్లా పోవడం మామూలేనట. లీడరు వచ్చి, బావ శవం మీద యూనియన్ జెండా కప్పి, పేరు సంగతి ఎవరూ ఎత్తొద్దని అందరికీ చెప్పాడు. కుటుంబానికి ఉద్యోగం రావాలంటే ఎత్తకూడదు, అదీ నిజమే. ఆయన నిజాలన్నీ ఇట్లాగే, ఎప్పుడూ ఆయనకే పనికొస్తాయి. ఆ రోజే రాజీనామా చేసి వచ్చానని రాస్తే బాగుండేది. చెయ్యలేదు. ఎన్నికలు అయిపోయాక వాళ్లే గదికి తాళం వేసి, తిరిగే కుర్చీ తీసుకుపోయారు. అప్పటిదాకా అందులోనే కూర్చున్నాను.

దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం అక్క దగ్గరికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవాలనే వెళ్లాను. ఆమె గడపలో కూర్చొని చింతపండు పిక్కలు తీస్తోంది. పక్కన కూర్చోమని చేత్తో చూపించింది. పిక్కలు తీస్తూనే అడిగింది.

"ఎన్ని గంటలకు పైకి తెచ్చిన్రు చెల్లె?"

"రెండున్నరకు."

"ఎప్పుడు పోయిండు?"

"ఏడింటికి."

"తెలివి ఉండెనా?"

చివరిదాకా స్పృహ ఉందని గ్యాంగు మనుషులు నాకు చెప్పారు. అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"ఉండె అక్కా."

ఆమె చేతిలో ఉన్న పిక్కను పక్కన పెట్టింది.

"కాసిపేట నుంచి గంటన్నర బస్సు," అంది. "రెండున్నరకే ఎవలన్న ఒక్క ఫోన్ కొడితే, మూడు గంటలు ఆయన పక్కన కూసుందును."